ఎవరి పిల్ల? అలంకార చేపల పుట్టుకపై స్మారకోపన్యాసం



కుండల్‌వాడిలో సభ అంటే తెలుగులో మొదలై, మరాఠీలోకి మళ్లి, తిరిగి తెలుగుకు చేరుకోవడం మనకు అలవాటు. ఈ రోజు మాత్రం మొత్తం తెలుగులోనే మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. గురూజీ బడిలో మరాఠీలో పాఠం చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో అన్నం అడిగిన మనిషి. ఆయన అన్నం అడిగిన భాషలో ఆయన గురించి మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు.

తన పేరుతో ఫలకం వద్దు, పటానికి దండ వద్దు అని గురూజీ రాసిపెట్టి వెళ్లారు. అందుకే మీ చేతుల్లోని ఆహ్వానపత్రికలో ‘గురూజీ స్మారక ఉపన్యాసం’ అనే మాట తప్ప మరేం లేదు. నేనూ ఆ మాట దాటను. ఈ సభలో ఆయన పేరు తెలియని పెద్దలు ఎవరూ లేరు. పిల్లలు ఇంటికెళ్లి తాతల్ని అడిగితే ఇంకా బాగా తెలుసుకుంటారు.

ఆయన తరగతి గదిలో కిటికీ పక్కన ఒక చేపల తొట్టి ఉండేది. ఇనుప చట్రంలో నాలుగు అద్దాలు బిగించి, అంచుల వెంట పుట్టీ పూసి, ఆయన చేతులతో చేసుకున్నదే. నాందేడ్ వెళ్లినా హైదరాబాద్ వెళ్లినా తిరుగు బస్సులో ఆయన ఒళ్లో నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచి ఒకటి ఉండేది. అందులో రెండో మూడో చేపలు. తొట్టి పక్కన ఎర్ర గుడ్డ అట్ట వేసిన పుస్తకం ఒకటి, వ్యాపారులు లెక్కలు రాసుకునే రకం. మనం వహీ అంటాం కదా, అదే. అందులో మూడు గడులు గీసి ఉండేవి. ఎక్కడి నుంచి వచ్చింది. ఎప్పుడు వచ్చింది. ఎవరి పిల్ల.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక ఎర్ర కత్తితోక చేప పిల్లల్ని పెట్టింది. అది గుడ్లు పెట్టే రకం కాదు, నేరుగా పిల్లల్నే కంటుంది. ఆ పిల్లలు పెరిగాక చూస్తే కొన్ని మగవాటికి తోక కింద కత్తి సరిగా రాలేదు. ఒళ్లు కూడా పొట్టిగా, గుండ్రంగా ఉంది. అదే తొట్టిలో ప్లాటీ చేపలూ ఉండేవి. తండ్రి ప్లాటీ అని నాకు రూఢిగా అనిపించింది. గురూజీ వహీ తెరిచి రాశారు: ‘తల్లి కత్తితోక. తండ్రి తెలియదు.’ “ప్లాటీ అని రాయండి గురూజీ, చూస్తే తెలుస్తలేదా?” అన్నాను. ఆయన కలం మూసి చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. “చూస్తే అనిపిస్తది. అనిపించింది వేరు, తెలిసింది వేరు. తెల్వకపోతే తెల్వదని రాయి. దాచకు, కల్పించకు.”

తర్వాత నేను జంతుశాస్త్రం చదివాను, చదువు చెప్పాను, రిటైరయ్యాను. అలంకార చేపల గురించి పెంపకందార్లూ శాస్త్రవేత్తలూ ఏళ్ల తరబడి పోట్లాడుకుంటున్న ప్రశ్న గురూజీ వహీలోని మూడో గడే: ఇది ఎవరి పిల్ల? ఇది అడవి నీటి నుంచి వచ్చిన జాతా, రెండు జాతులు కలిస్తే పుట్టిందా? కలిస్తే ఏవేవి? కలవడం మంచిదా, చెడ్డదా? ఈ పూట ఆ వాదాన్ని మెట్టు మెట్టుగా మీ ముందు పెడతాను. నా మాట ముందే చెప్పేస్తున్నాను. జాతులు కలవడం దానంతట అది తప్పు కాదు. ఆ సంగతి దాచిపెట్టడం తప్పు. అన్ని చిక్కులూ ఆ దాపరికంలోంచే పుట్టాయి.

1. ఒక మాట, రెండు బరువులు

ముందు మాటల లెక్క తేల్చుకుందాం. తెలుగులో ‘జాతి’ అనే మాటతో పెద్ద ఇబ్బంది ఉంది. చేపకూ అదే మాట, ఆవుకూ అదే మాట, మనిషి కులాన్ని అడగడానికీ అదే మాట. ‘సంకరం’ అన్న మాట ఇంకా బరువైనది. పాత ధర్మశాస్త్రాల్లో వర్ణసంకరం అంటే పాపం. అదే మాటకు ‘జాతి’ తగిలిస్తే, పాలవాడి ఇంటి ముందు సంకరజాతి ఆవు గర్వంగా నిలబడుతుంది.

మన పొలాల్లోకి వెళ్లి చూడండి. 1964లో సీఎస్‌హెచ్-1 వచ్చింది. దేశంలో విడుదలైన మొదటి హైబ్రిడ్ జొన్న అదే. తర్వాతి తరాలకు ‘హైబ్రిడ్’ అంటే జొన్న అనే అర్థం స్థిరపడిపోయింది. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రం నుంచి హెచ్-4 పత్తి వచ్చింది. వ్యాపార స్థాయిలో సాగుకు వచ్చిన హైబ్రిడ్ పత్తిలో ప్రపంచంలోనే అది మొదటిది. మన నాందేడ్ పత్తి పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్‌హెచ్‌హెచ్-44 వేయని రైతు ఒకప్పుడు ఈ చుట్టుపక్కల అరుదు. ఈ విత్తనాలను ఎవరూ ‘సంకరం’ అని ఈసడించుకోలేదు. కారణం ఏమిటి? ఆడ వరస ఏది, మగ వరస ఏది అన్నది పరిశోధన కేంద్రం రికార్డులో ఉంది. ఏటేటా విత్తనం కొత్తగా కొనాలన్నది రైతుకు తెలుసు. కలయిక బహిరంగంగా జరిగింది. నమ్మకం అక్కడి నుంచి వచ్చింది.

ఒక్క సంగతి ఇక్కడే తేల్చి చెప్పాలి, ముఖ్యంగా పిల్లలకు. చేపల్లో జాతులు వేరు వేరు. మనుషులది ఒకటే జాతి. ఒక కులంవారూ మరో కులంవారూ, ఒక భాషవారూ మరో భాషవారూ పెళ్లాడితే జీవశాస్త్రం లెక్కలో అక్కడ సంకరం లేనే లేదు. చేపల గురించి నేను చెప్పబోయే మాటలను ఎవరైనా మనుషులకు అంటగడితే అది శాస్త్రం పేరుతో చేసే అబద్ధం. ఈ వేదిక మీద ఆ అబద్ధానికి చోటు లేదు.

2. తండ్రి పేరు చెప్పని చిలుక

ఇప్పుడు నాందేడ్‌లోనో హైదరాబాద్‌లోనో చేపల దుకాణానికి వెళితే నారింజ రంగులో, గుండ్రటి ఒంటితో, చిలుక ముక్కు లాంటి నోటితో ఒక చేప కనిపిస్తుంది. ప్యారెట్ ఫిష్ అంటారు, పూర్తి పేరు బ్లడ్ ప్యారెట్. ఈ చేప ఏ నదిలోనూ పుట్టలేదు. 1980ల్లో తైవాన్ పెంపకందార్ల తొట్లలో పుట్టింది. దాని తల్లిదండ్రులు ఎవరన్న ప్రశ్న చుట్టూ అప్పటి నుంచీ వాదం నడుస్తూనే ఉంది. మధ్య అమెరికా సరస్సులకు చెందిన మిడాస్ సిక్లిడ్ అనే చేప ఒక వైపు అని ఎక్కువమంది నమ్మకం. రెండో వైపు రెడ్‌హెడ్ సిక్లిడ్ అని ఒకరంటే, సెవెరమ్ అని మరొకరు అంటారు. మొదట పుట్టించినవాళ్లు వ్యాపార రహస్యమని నోరు విప్పలేదు. ఊహలకు చోటు దొరికింది.

ఈ చేప నోరు నిలువుగా, సన్నగా తెరుచుకుంటుంది, పూర్తిగా మూసుకోదు. తిండిని నోటితో నమలలేక గొంతులోని పళ్లతో నలుపుకొని మింగుతుంది. మగవి సాధారణంగా సంతానం ఇవ్వలేవు. ఆడవి గుడ్లు పెట్టి, పొదగని ఆ గుడ్లను రోజుల తరబడి కాపాడుకుంటాయి. పిల్లలు దాన్ని చూసి “నవ్వుతోంది” అంటారు. మూసుకోలేని నోరది. ఆ మాట తెలిశాక ఆ నవ్వు చూడటం నాకు కష్టంగా ఉంటుంది.

దాని తర్వాత 1990ల్లో మలేషియా నుంచి వచ్చింది ఫ్లవర్‌హార్న్. నుదుటి మీద పెద్ద బుడిపె, పక్కల మీద నల్లటి మచ్చలు. ఆ మచ్చలు చైనా అక్షరాల్లా ఉంటే అదృష్టమన్నారు, బుడిపె పెరిగితే సంపద పెరుగుతుందన్నారు. ధరలు ఎగబాకాయి. మన దగ్గర కూడా వాస్తు కోసమని ఆ చేప కొన్న ఇళ్లు ఉన్నాయి. దాని పుట్టుకలో ట్రైమాక్ అనే సిక్లిడ్ ఉందని, మిడాస్ ఉందని, బ్లడ్ ప్యారెట్ కూడా ఉందని రకరకాలుగా చెబుతారు. అంటే సంకరంలో సంకరం. తరవాత తరవాత వచ్చిన కంఫా వంటి రకాల్లో మళ్లీ మరో కలయిక. ఏ తరంలో ఏది కలిసిందో రాసుకున్నవాళ్లు తక్కువ. రాసుకున్నా బయట పెట్టినవాళ్లు ఇంకా తక్కువ.

చేపల అభిమానుల్లో ఇక్కడే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. “ఇవి ప్రకృతి చేసినవి కావు, కొనొద్దు” అని ఒక పక్షం. “కుక్కల్లో, గులాబీల్లో ఇన్ని రకాలు పుట్టించాం, చేపల్లో పుట్టిస్తే ఏం?” అని మరొకటి. రెండు పక్షాల్లోనూ నాకు మిత్రులున్నారు. ఇద్దరినీ ఒకటే అడుగుతాను: బాధ పడుతున్నది ఎవరు? మొదట ఆ చేప. దాని నోరు మూసుకోదన్న విషయం అమ్మేవాడు చెప్పకపోతే కొనేవాడికి తెలిసే దారి లేదు.

3. అనుమానం తప్పిన చోట

మీలో కొందరు, “మరి వింతగా కనిపించే చేపలన్నీ ఇట్లాంటివేనా?” అని అనుకుంటూ ఉండవచ్చు. అక్కడ తొందరపడకూడదు. దానికి మన దేశపు చేప కథే చెబుతాను.

ఒంటి పొడవునా నీలి గీతలుండే చిన్న చేప జీబ్రా డానియో. మన ఉపఖండపు వాగుల్లో, వరి మళ్ల అంచుల్లో తిరిగేది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద వేసిన పుస్తకంలో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఆ చేప ఉంది, మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ ఉంది.

1960ల్లో యూరప్ తొట్లలో ఇంకో చేప ప్రత్యక్షమైంది. ఆకారం అచ్చం జీబ్రా డానియోదే. గీతల చోట చుక్కలున్నాయి. 1963లో హెర్మన్ మైన్‌కెన్ అనే జర్మన్ దాన్ని కొత్త జాతిగా ప్రకటించాడు. దుకాణాల్లో లెపర్డ్ డానియో అన్నారు. మరి అది ఏ నదిలోది? ఎవరూ పట్టుకురాలేకపోయారు. అప్పుడు వాదం మొదలైంది. జాతే అన్నవారు కొందరు, రెండు డానియోలు కలిసిన సంకరం అన్నవారు కొందరు, జీబ్రాలోనే వచ్చిన మార్పు అన్నవారు కొందరు.

జీబ్రాతో జత కట్టించి చూశారు. పిల్లలకు గీతలే వచ్చాయి. ఆ పిల్లలకు సంతానశక్తి పూర్తిగా ఉంది. వాటి తర్వాతి తరంలో చుక్కలు మళ్లీ బయటపడ్డాయి. మెండెల్ బఠాణీల్లో చూసిన లెక్క కళ్ల ముందు కనిపించింది. తర్వాత 2006లో ఆ మార్పు ఏ జన్యువులో ఉందో జపాన్ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. పక్కపక్క కణాలు ఒకదానితో ఒకటి కబురందించుకునే సన్నటి దారులను తయారుచేసే జన్యువది. అందులో ఒక చిన్న మార్పు వస్తే రంగు కణాలు వరస తప్పి, గీతలు చుక్కలుగా విడిపోతాయి. కొత్త జాతీ లేదు, సంకరమూ లేదు. ఒకే ఇంటి పిల్ల, ఒంటి మీది ముగ్గు మారింది, అంతే.

చూపుకు వింతగా ఉందని ‘ఇది కలగలుపు’ అని తేల్చేయడం కూడా కల్పనే. నేను అడిగినా గురూజీ ‘ప్లాటీ’ అని రాయలేదు. నలభై ఏళ్లకు పైగా పట్టిన ఈ డానియో వాదంలో ఓపికగా నిలబడ్డ పద్ధతి అదే: జత కట్టించు, పిల్లల్ని లెక్కపెట్టు, అప్పుడు రాయి.

4. కత్తితోక చెప్పిన రెండు నిజాలు

మళ్లీ మన తరగతి గది చేప దగ్గరికి వద్దాం. కత్తితోక, ప్లాటీ రెండూ మెక్సికో, మధ్య అమెరికా వాగుల్లోవి. అడవి కత్తితోక ఆకుపచ్చగా, పక్కన ఒక ఎర్ర గీతతో ఉంటుంది. దుకాణంలో మనం చూసే నిండు ఎరుపు కత్తితోకల్లోకి ఆ రంగు ప్లాటీల రక్తంతోనే చేరింది. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే యూరప్, అమెరికా పెంపకందార్లు ఈ రెంటినీ కలిపేశారు. అంటే గురూజీ తొట్టిలో పిల్లలు పుట్టకముందే, ఆ ఎర్ర తల్లి ఒంట్లో ప్లాటీ ఉండి ఉండాలి. ఆరో తరగతి పిల్లవాడికి అది తెలియదు.

ఈ కలయిక చెప్పిన మొదటి నిజం కఠినమైనది. 1920ల చివర్లో అమెరికాలో మైరన్ గోర్డన్, జర్మనీలో కుర్ట్ కోస్విగ్ ఒక విషయం గమనించారు. నల్ల మచ్చల ప్లాటీని కత్తితోకతో కలిపి, ఆ పిల్లను మళ్లీ కత్తితోకతో కలిపితే, వాటి సంతానంలో దాదాపు నాలుగో వంతుకు మచ్చలు మచ్చలుగా ఆగవు. చర్మపు క్యాన్సర్ అవుతాయి. ప్లాటీలో ఆ మచ్చల జన్యువుకు కళ్లెం వేసే మరో జన్యువు ఉంది. కత్తితోకలో ఆ కళ్లెం లేదు. తరతరాలుగా కలిసి బతకడం నేర్చుకున్న జంటను మనం విడదీశాం. 1989లో ఆ క్యాన్సర్ జన్యువు చేతికి చిక్కింది. క్యాన్సర్ వంశపారంపర్యంగా ఎలా వస్తుందో తెలుసుకోవడానికి ఈ చిన్న చేపలు చేసిన సాయం చాలా పెద్దది. కలయిక వల్ల హాని ఉండదని ఎవరైనా అంటే ఈ చేపను చూపించాలి.

రెండో నిజం దానికి ఎదురు నిలుస్తుంది. మెక్సికోలో క్లెమెన్సియే అనే అడవి కత్తితోక జాతి ఉంది. తల్లి నుంచి మాత్రమే వచ్చే డీఎన్ఏ చూస్తే అది ప్లాటీల వరసలో నిలుస్తుంది. మిగతా జన్యువులు చూస్తే కత్తితోకల వరసలో. 2006లో జర్మన్ శాస్త్రవేత్తలు, ఇది అడవిలోనే రెండు వరసలు కలిసి పుట్టిన జాతి అన్నారు. దాని మీదా వాదం నడిచింది. 2013లో ఆ ప్రజాతిలోని జాతులన్నింటినీ కలిపి చదివినప్పుడు, ఒకటి రెండు చోట్ల మాత్రమే కాక, వాటి చరిత్ర పొడవునా జన్యువులు ఇటు నుంచి అటు పారినట్టు తేలింది. తొట్టిలో మనిషి చేసినది వాగులో నది కూడా చేసింది. నది వేల తరాల సమయం తీసుకుంది. నిలవలేనివి రాలిపోయాయి, నిలిచినవి జాతులయ్యాయి. తొట్టిలో మనం ఆ వడపోత లేకుండా రంగు ఒక్కటే చూసి దాచుకుంటాం.

ఈ రెండు నిజాలూ మనకు తెలియడానికి మూలం ఏమిటో చెప్పాలి. ఈ చేపల వంశావళులను రాసి, ఆ వరసలను విడివిడిగా కాపాడే కేంద్రం 1939లో అమెరికాలో మొదలైంది, ఇప్పుడు టెక్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉంది. ఏ చేప ఏ వాగు నుంచి వచ్చింది, ఎవరి పిల్ల అన్న లెక్క ఎనిమిది దశాబ్దాలకు పైగా తెగకుండా రాస్తున్నారు. నేను ఆ సంగతి మొదట చదివిన రాత్రి ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం గుర్తొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు. కుండల్‌వాడిలో ఒక బడిపంతులు, ఎవరూ చెప్పకుండానే, అవే గడులు గీశాడు.

5. ఎంత వెనక్కి పోతే స్వచ్ఛం?

“సరే, మిగతావి వదిలేయండి, స్వచ్ఛమైన చేప ఒకటి చెప్పండి” అని ఒకసారి ఒక విద్యార్థి అడిగాడు. బంగారు చేప చెప్పమంటారా? చైనాలో వెయ్యేళ్లకు పైగా పెంచుతున్న చేప. బూడిద రంగు అడవి చేపల్లో ఎర్రనివాటిని ఏరి, గుడి చెరువుల్లో వదిలి, తర్వాత రాజోద్యానాల్లో, ఆ తర్వాత పింగాణీ తొట్లలో పెంచారు. దాన్ని మనిషి సంకరం చేసి పుట్టించలేదు. ఒకే జాతిలో ఏరుకుంటూ వచ్చాడు.

కానీ దాని కణంలోకి చూస్తే జీబ్రా చేపకు 50 క్రోమోజోములుంటే దీనికి 100. 2019లో బంగారు చేప జన్యుపటం పూర్తిగా చదివారు. సుమారు కోటీ నలభై లక్షల ఏళ్ల కిందట దాని పూర్వీకుల్లో రెండు జాతులు కలిసిపోయి, ఇద్దరి క్రోమోజోములూ పూర్తిగా నిలిచిపోయిన ఆనవాళ్లు అందులో ఉన్నాయి. అదే వారసత్వం మన చెరువుల్లో వదిలే బంగారుతీగ చేపకూ ఉంది. మనిషి పుట్టకముందే జరిగిన పెళ్లి అది. ‘స్వచ్ఛం’ అనే మాటను ఎంత వెనక్కి తోస్తే అంత జారిపోతుంది.

ఫైటర్ చేపనే తీసుకోండి. సీసాలో ఒంటరిగా అమ్మే ఆ రెక్కల సుందరి థాయిలాండ్ వైపుది. 2022లో వచ్చిన జన్యు అధ్యయనం ప్రకారం మనిషి దాన్ని కనీసం వెయ్యేళ్లుగా పెంచుతున్నాడు. మూలం ప్రధానంగా ఒక్క జాతే. అయినా పెంపుడు ఫైటర్ల జన్యువుల్లో అక్కడక్కడా చుట్టపు జాతుల ముక్కలు కనిపించాయి. ఏ తరంలో, ఏ పల్లెలో, ఎవరు కలిపారో చెప్పే వహీ లేదు. ముక్కలు మాత్రం మిగిలాయి.

ఈ మాట కుండల్‌వాడివాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. మనలో చాలామంది ఇంటిపేర్ల చివర ‘వార్’ ఉంది. అది తెలుగు ‘వారు’, మరాఠీ కాగితం మీద చివరి ఉకారం పోగొట్టుకుంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రం, తర్వాత బొంబాయి, 1960 నుంచి మహారాష్ట్ర. పాలన మారినా ఆ రెండక్షరాలు తాతల జాడను పట్టుకుని ఉన్నాయి. మన మాటలో మరాఠీ కలిసింది, ఉర్దూ కలిసింది. అందుకు సిగ్గుపడం. కానీ ‘వారు’ ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోతే నష్టపోతాం. కలిసిపోవడమూ, మరిచిపోవడమూ ఒకటి కావు. చేపల దగ్గర నేను అడుగుతున్నదీ అంతే.

6. అద్దం దాటితే

ఇంతవరకూ తొట్టి లోపలి మాట. తొట్టి బయట మంజీర ఉంది, గోదావరి ఉంది. కందకుర్తి దగ్గర రెండూ కలిసే చోటు మనకు ఎంతో దూరం లేదు. అక్కడికి చేరిన నీరు పోచంపాడు మీదుగా తెలంగాణ, ఆంధ్రా దాటి సముద్రం దాకా పోతుంది. ఇక్కడ ఒక సంచిలోంచి వదిలిన చేప ఎక్కడెక్కడికి పోగలదో ఆలోచించండి.

దుకాణాల్లో ‘సక్కర్’ అనీ ‘ట్యాంక్ క్లీనర్’ అనీ వేలెడంత చేపను అమ్ముతారు. అద్దానికి అంటుకుని నాచు తింటుంది. అది అమెజాన్ ప్రాంతపు చేప. అడుగు దాటి పెరుగుతుంది. ఒంటి మీద పెంకుల కవచం, రెక్కలకు గట్టి ముళ్లు. తొట్టిలో పట్టకపోయేసరికి జనం చెరువులో, వాగులో వదిలేస్తారు. తెలుగునాట జాలరులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. వలలు చిరుగుతాయి, కొనేవాడు ఉండడు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, నీళ్లు తగ్గితే గాలి మింగి బతుకుతుంది. తూర్పు కనుమల నీళ్లలో అది ఎంత దూరం పాకిందో హైదరాబాద్‌లోని సీసీఎంబీవారి లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు చేపను పట్టకుండానే, నీటిలో అది వదిలిన డీఎన్ఏ జాడను బట్టి కనిపెట్టారు.

ఇక్కడ మన వాదం మళ్లీ ఎదురవుతుంది. ఆ సక్కర్ ఏ జాతి? పొట్ట మీద విడివిడి చుక్కలుంటే ఒక జాతి, చుక్కలు కలిసి పురుగుల్లా మెలికలు తిరిగితే ఇంకో జాతి అని పుస్తకం చెబుతుంది. ఆసియాలో పట్టుబడే వాటిలో చాలా చేపల పొట్టలు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. ఆ రెండు జాతులూ పెంపకపు చెరువుల్లోనో వదిలిన నీళ్లలోనో కలిసిపోయాయని, ఇప్పుడు మనకు మిగిలినది కలగలుపు మంద అని శాస్త్రవేత్తలు అనుమానిస్తున్నారు. ఏ నది నుంచి ఎన్ని చేపలు ఏ దేశం మీదుగా వచ్చాయో రాసి ఉంటే ఈ ప్రశ్నకు సమాధానం సులువయ్యేది. రాయలేదు. శత్రువు పేరు కూడా తెలియకుండా శత్రువుతో పోరాడుతున్నాం.

సభలో చేపలు పట్టే కుటుంబాలవారు ఉన్నారు. మీకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి సూదిమందుతో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే ఆ తేదీని దేశమంతా చేపల రైతుల దినంగా జరుపుకుంటుంది. అంతకుముందు వరద నీటిలో పిల్లలను ఏరుకోవాల్సి వచ్చేది, తర్వాత హ్యాచరీలు వచ్చాయి. ఎంత గొప్ప మేలు! అయితే కొన్ని చోట్ల బొచ్చె చేతా రోహు చేతా ఒకే తొట్టిలో ఒకేసారి గుడ్లు పెట్టిస్తే అవి కలిసిపోయి సంకరం పిల్లలు వస్తాయి. వాటిని గుర్తించక మళ్లీ తల్లి చేపలుగా వాడితే, నాలుగైదు తరాలకు అసలు బొచ్చె ఏదో చెప్పలేని పరిస్థితి వస్తుంది. వరదకు గట్టు తెగితే అవి నదిలో కలుస్తాయి. నదిలో ఉన్న బొచ్చె మన హ్యాచరీకి విత్తనపు గాదె. గాదెలో తాలు కలిస్తే మళ్లీ వెళ్లి తెచ్చుకునే చోటు ఇంకోటి లేదు.

7. ముగింపు: మూడు గడులు

కాబట్టి నేను కోరేది ఏమిటి? బ్లడ్ ప్యారెట్‌ను నిషేధించమని అడగడానికి నేను రాలేదు. పిల్లలకు చేపలు పెంచవద్దని చెప్పడానికీ రాలేదు. ఒక చేపను రోజూ చూసే పిల్లవాడికి నీళ్ల మీద గౌరవం పెరుగుతుందని నాకు నా బాల్యమే సాక్ష్యం.

చేపలు అమ్మేవారికి నా విన్నపం. సంకరం అయితే సంకరం అని చెప్పి అమ్మండి. దాని నోరు మూసుకోకపోతే అదీ చెప్పండి, అడుగున్నర పెరిగేదైతే అదీ చెప్పండి. కొనేవారికి నా విన్నపం. ‘జత ఎంత?’ అని అడిగే ముందు ‘ఎక్కడిది, ఎవరి పిల్ల?’ అని అడగండి. ‘తెలియదు’ అన్న సమాధానం వస్తే కోప్పడకండి. అది నిజాయితీ అయిన సమాధానం. తెలియని చేపను, తెలిసిన సంకరాన్ని కూడా, మన చెరువులోకి, మంజీరలోకి ఎన్నటికీ వదలకండి. పెంచలేకపోతే తిరిగి దుకాణానికి ఇవ్వండి, పెంచగలవారికి ఇవ్వండి. చేపల వాదంలో ఉన్న నా మిత్రులకు ఒక మాట. ‘స్వచ్ఛం’ అని గర్వపడటమూ, ‘సంకరం’ అని ఈసడించటమూ రెండూ వహీలో రాయదగిన మాటలు కావు. అక్కడ రాయాల్సినవి ఊరు, తేదీ, తల్లి, తండ్రి.

ఈ స్మారక ఉపన్యాస నిధి నుంచి ఏటా వచ్చే వడ్డీతో ఏం చేయాలని నిర్వాహకులు నన్ను అడిగారు. చుట్టుపక్కల ప్రతి బడికీ ఒక తొట్టి, ఒక ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం కొనివ్వమన్నాను. వాళ్లు ఒప్పుకున్నారు. మొదటి తొట్టి మన బడికే వస్తోంది. పిల్లలూ, మూడు గడులు మీరే గీసుకోండి.

గురూజీ వహీని వారి కుటుంబం నాకు చూపించింది. చివరి పుటల్లో అక్షరాలు వణికాయి, వరసలు వంకర పోయాయి. మూడో గడి మాత్రం ఒక్కచోట కూడా ఖాళీగా లేదు. తెలిసిన చోట పేరు ఉంది. తెలియని చోట, నా ఆరో తరగతి కత్తితోక పిల్లల దగ్గర రాసినంత స్పష్టంగా, ‘తెలియదు’ అని ఉంది. నేను దాన్ని మార్చలేదు.